ఈగ రాని గది

బస్సులు ఆగే చోట వరసగా నిలబడే పదహారు తోపుడుబళ్ళు నెలకోసారి, రెండో మంగళవారం పొద్దున్న, కడిగిన ముత్యాల్లా తయారవుతాయి. మిగతా రోజుల్లో అవే బళ్ళ దగ్గర మనం నిలబడి ఏదో ఒకటి కొనుక్కుని తింటూ ఉంటాం కనక, ఆ మంగళవారం సంగతేమిటో తెలుసుకోవడం మన కడుపుకే మంచిది.

ఆ రోజు నగర ఆరోగ్యశాఖ వారి తనిఖీ. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకి బళ్ళవాళ్ళు పెట్టుకున్న పేరు నోటీసమ్మ. చేతిలో అట్ట, అట్టకి బిగించిన ఇరవై ప్రశ్నల కాగితం, భుజాన సంచి, సంచిలో నీళ్ళు పరీక్షించే మాత్రలు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ బండి దగ్గరా ఊరికే ఒక్క పొట్లం పుచ్చుకున్న మనిషి కాదు. అందుకని ఆవిడంటే అందరికీ భయం ఉంది, గౌరవం ఉంది, ఆవిడ అటు తిరగ్గానే వేసుకునే జోకులూ ఉన్నాయి.

ఆ నెల ఏడో బండి దగ్గర మంచినీళ్ళ డ్రమ్ము పరీక్షిస్తూ ఆవిడ ఒక్క క్షణం ఆగింది. నీలం మూత, తెల్లటి కొళాయి, కొళాయి మెడకి చుట్టిన ఎర్రదారం. ఈ ఎర్రదారాన్ని ఇంతకుముందెక్కడో చూసింది. రెండో బండి దగ్గర చూసింది. అయిదో బండి దగ్గర కూడా చూసింది. అయిదో బండివాడు కట్టుకున్న తెల్ల ఏప్రనుకి జేబు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. ఇప్పుడు ఏడో బండివాడి జేబు మీదా అదే మచ్చ.

అసలు విషయం ఇది. ఒక్క బండి తప్ప మిగతా పదిహేను బళ్ళకీ కలిపి ఉన్నది ఒకే డ్రమ్ము, ఒకే ఏప్రను. ఆవిడ ఒక బండి దగ్గర తల వంచుకుని ఇరవై ప్రశ్నలు నింపుతుంటే, ఆ రెండూ బళ్ళ వెనక నుంచి చేతులు మారుతూ ముందుకు వెళ్ళిపోయేవి. ఎన్ని నెలలుగా సాగుతోందో ఆ భగవంతుడికే తెలియాలి. ఆవిడ మాత్రం పదహారు మందికీ మంచి మార్కులు వేసి, తన వరస ఊరంతటికీ ఆదర్శమని ఆఫీసులో తల ఎత్తుకు తిరుగుతోంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఆవిడ ఆ రోజుకి తనిఖీ పూర్తిచేసి వెళ్ళిపోయింది. మరుసటి నెల మొదటి బండి దగ్గరికి కాకుండా పదహారో బండి దగ్గరికి వెళ్ళింది. పదహారో బండి పళ్ళరసం అమ్మేవాడిది. వరసలో వాడంత మాటకారి లేడు.

“నీళ్ళ డ్రమ్ము ఏదయ్యా?”

“కడగడానికి తీసుకెళ్ళారమ్మా.”

“ఎవరు?”

“మొదటి బండివాళ్ళు.”

“నీ డ్రమ్ము వాళ్ళెందుకు కడుగుతారు?”

పళ్ళరసం వాడు బుర్ర గోక్కున్నాడు. “వాళ్ళు చాలా మంచోళ్ళమ్మా” అన్నాడు.

నోటీసమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని బిగపట్టుకుంది. “ఎర్రదారం ఉన్న డ్రమ్ము ఎవరిది?” అని వరస మొత్తానికి వినబడేలా అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పద్నాలుగు మంది పద్నాలుగు దిక్కులు చూశారు. పదిహేనో మనిషి డ్రమ్ముతో సహా మొదటి బండి దగ్గర దొరికిపోయాడు.

పదహారు మందిలో ఒక్కతే ఈ గోలకి దూరంగా ఉంది. ఉడకబెట్టిన పల్లీలు అమ్మే పల్లీలక్క. ఆవిడ డ్రమ్ము ఆవిడదే, ఏప్రను ఆవిడదే. మూతలున్న గిన్నెలు, తీసివ్వడానికి పొడుగుకాడ గరిటె, చెత్తకి వేరే బుట్ట. బండి మీద ఒక్క ఈగ లేదు. నోటీసమ్మ నెలనెలా ఏం రాసిచ్చిందో ఆవిడ అది తు.చ. తప్పకుండా చేసింది.

“నువ్వొక్కదానివే నా పరువు నిలబెట్టావు” అంది నోటీసమ్మ.

“మీరు రాసిచ్చారు, నేను చేశాను. చదువుకున్నవాళ్ళు ఊరికే రాస్తారామ్మా?” అంది పల్లీలక్క. అంటూనే కణతలు నొక్కుకుంది. ఈమధ్య మధ్యాహ్నానికల్లా తలనొప్పి పట్టుకుంటోందట, ఎండవల్లనట.

ఆ సాయంత్రమే నోటీసమ్మ పల్లీలక్క పేరు ‘ఆదర్శ బండి’ బోర్డుకి పంపింది. శుక్రవారం సభలో ఆరోగ్యశాఖ పెద్ద డాక్టరుగారు తన చేత్తో ఆ బోర్డు ఇస్తారు. వరసలో ఎవరికీ ఇంతవరకూ రాని గౌరవం. అయితే బోర్డు కాగితంలో ఒక గడి ఉంది: సరుకు తయారయ్యే చోటు చూశారా? నెలవారీ కాగితంలోనూ ఆ గడి ఉంది, పంతొమ్మిదో ప్రశ్న. ఇన్నాళ్ళూ ఆవిడ బండి దగ్గరే నిలబడి “ఎక్కడ వండుతావు? శుభ్రంగానే ఉంటుందా?” అని అడిగి, వాళ్ళు ఊఁ అనగానే టిక్కు పెట్టేది. బళ్ళు ఆవిడ విభాగం, ఇళ్ళు మరో విభాగం. అటు వాళ్ళు చూస్తారులే అని ఆవిడా, ఇటు వాళ్ళు చూస్తారులే అని వాళ్ళూ అనుకుంటూ వచ్చారు. డ్రమ్ము విషయంలో దెబ్బ తిన్నాక మాత్రం, వినికిడి మీద టిక్కు పెట్టడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. మర్నాడు పొద్దున్నే చిరునామా పట్టుకుని బయల్దేరింది.

ఒకే పొడుగాటి గోడకి ఆనుకుని పన్నెండు గదులు. గదికో తలుపు, తలుపుకో సంసారం. పల్లీలక్కది ఎనిమిదో గది. తలుపు తీయగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. లోపల బొగ్గుల కుంపటి మీద పెద్ద గంగాళంలో పల్లీలు ఉడుకుతున్నాయి. నేల అద్దంలా ఉంది. బస్తాలు చెక్కల మీద ఎత్తుగా పెట్టి ఉన్నాయి. ఉప్పునీళ్ళకి వేరే కుండ, కడిగిన నీళ్ళకి వేరే బకెట్టు. వంక పెట్టడానికి లేదు. కానీ గోడలు అడుగు నుంచి నడుం ఎత్తు వరకూ నల్లగా చెమ్మ పట్టి, ముట్టుకుంటే సున్నం పొట్టులా రాలుతోంది. తలుపు పక్కనే మంచం మీద ఒక పెద్దావిడ, దిండుకి జారబడి, ఒళ్ళో చేట పెట్టుకుని, పల్లీల్లో రాళ్ళు ఏరుతోంది. గుప్పెడు ఏరడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ గుప్పెడు ఏరడం. పల్లీలక్క అత్తగారు.

అప్పటికే పల్లీలక్క నీళ్ళకని బయటికెళ్ళి ఉంది. పెద్దావిడ ఆ వచ్చినామె ఎవరో ఎరగదు.

“కూర్చో తల్లీ. తలుపుకి దగ్గరగా కూర్చో. లోపలికెళ్తే నీకు ఆయాసం వస్తుంది, నాకు అలవాటయింది.”

“ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఈ ఆయాసం?”

“చలికాలం ముందు నుంచి. అంతకు ముందు ఈ వీధి ఆ చివర వరకూ నడిచి, అందరితో పోట్లాడి వచ్చేదాన్ని.” పెద్దావిడ ఊపిరి కోసం ఆగింది. “ఇప్పుడు పోట్లాడదామన్నా దమ్ము చాలడం లేదు. వీధి వాళ్ళు సుఖపడ్డారు.”

“ఈగలు బొత్తిగా లేవే” అంది నోటీసమ్మ. వృత్తి అలవాటు మరి, ముందు కళ్ళకి ఆనేది అదే.

“ఎక్కడ్నించి వస్తాయి? నోటీసమ్మని ఒకావిడ ఉందిలే, మహాతల్లి, చీటీ రాసి పంపింది. ఆ చీటీ వచ్చిన దగ్గర్నుంచి ఈగ రాలేదు. ఈగేం ఖర్మ, గాలి కూడా రాలేదు. అదిగో చూడు.”

పెద్దావిడ చేట ఎత్తి ఎదురుగోడ చూపించింది. అక్కడొకప్పుడు కిటికీ ఉండేది. ఇప్పుడు దాని మీద చట్రం మేర రేకు కొట్టి, అంచుల సందుల్లో మైనం పూసి, పైన తారు రాసి ఉంది. రేకు మధ్యలో, తడి తగలకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక నోటీసు అంటించి ఉంది. నోటీసమ్మ దగ్గరికెళ్ళి చదివింది.

*నిబంధన పదిహేడు. ఆహార పదార్థములు తయారుచేయు చోట దుమ్ము, ఈగలు ప్రవేశించు సందులన్నియు ఏడు దినములలోగా మూసివేయవలెను.*

కింద తేదీ ఉంది. పదకొండు నెలల కిందటిది. తేదీ పక్కన ఆవిడ సంతకం ఉంది.

గుర్తొచ్చింది. అప్పట్లో పల్లీలక్క బండి మీద నాలుగు ఈగలు కనిపించాయి. ఎక్కడ వండుతావంటే ఇంట్లో అంది. ఇంకో ప్రశ్న అడక్కుండా అచ్చు నోటీసు చింపి, పదిహేడు అంకె చుట్టూ సున్నా చుట్టి, సంతకం గిలికి ఇచ్చేసింది. ఆ పని అర నిమిషం పట్టిందేమో. తేలు కుట్టిన దొంగలా ఆవిడ ఆ సంతకం మీంచి చూపు తిప్పుకుంది. కుంపటి సెగకి పది నిమిషాల్లోనే కణతల్లో పోట్లు మొదలయ్యాయి. పల్లీలక్క రోజూ నొక్కుకునేది సరిగ్గా అక్కడే.

నీళ్ళ బిందెతో పల్లీలక్క లోపలికొచ్చింది. “చూశారామ్మా, మైనం కూడా పూశాను” అంది ఆశగా.

“కుంపటి బయట పెట్టుకోకపోయావా?”

“బయట దుమ్ముంటుందని మీ కాగితంలోనే ఉంది కదమ్మా.”

“నీకెప్పుడైనా కళ్ళు తిరిగాయా?”

“రెండు సార్లు పడిపోయాను. ఎండదెబ్బ అన్నారు.”

“ఇంట్లోనా పడిపోయింది?”

“ఇంట్లోనే.”

“ఇంట్లో ఎండెక్కడిది?” అంది నోటీసమ్మ. ఆ ప్రశ్న ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. అత్తా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నోటీసమ్మ గంగాళం దింపించి, మసిగుడ్డలతో పట్టుకుని కుంపటిని తనే వాకిట్లోకి చేర్చింది. మూసిన గదిలో బొగ్గు పొగ ఎంత నెమ్మదిగా మనిషిని నిద్రపుచ్చుతుందో చెప్పింది. తర్వాత, “ఆ నోటీసు రాసింది నేనే పెద్దమ్మా” అంది.

పెద్దావిడ చేట పక్కన పెట్టి ఆవిడని ఎగాదిగా చూసింది. “నువ్వా? ఇంత మంచిగా మాట్లాడుతుంటే కాదనుకున్నాను” అంది.

ఇక కిటికీ తెరిపిస్తే సరిపోతుందనుకుంది నోటీసమ్మ. సరిపోలేదు. రేకు అవతల ఒక షెడ్డు గోడ ఉంది. పల్లీలక్క కిటికీ మూయడం చూసి గదుల యజమానికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ నోటీసుకి నకలు తీయించి, అందరికీ చూపించి, పన్నెండు కిటికీలూ మూయించి, వెనకగోడకి ఆనించి రేకుల షెడ్డు వేశాడు. అందులో ఎవరివో ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్నాయి.

“కిటికీలు తెరవాలండీ. ఈ షెడ్డు తీసేయండి” అంది నోటీసమ్మ.

“గాలికి అద్దె రాదమ్మా, పెట్టెలకి వస్తుంది” అన్నాడాయన నవ్వుతూ. “అయినా సందులన్నీ మూయమని ప్రభుత్వం వారి కాగితం. నేను చట్టాన్ని గౌరవించేవాణ్ణి. సంతకం ఎవరిదో చూసుకోండి.”

నోటీసమ్మ ఆఫీసుకి వచ్చి రద్దు కాగితం తీసింది. పాత నోటీసుని రద్దు చేయాలంటే అందులో ఒక వాక్యం నింపాలి: రద్దుకు కారణం. దానికి ఆఫీసులో తరతరాలుగా ఒకటే జవాబు ఉంది, ‘పరిస్థితులు మారినందున.’ ఆ మాట ఎవరినీ నొప్పించదు, ఎవరి మెడకీ చుట్టుకోదు. కానీ ఆ మాట రాస్తే యజమాని బతికిపోతాడు. నోటీసు అప్పట్లో సరైనదేనని, దాన్ని నమ్మి వేసిన షెడ్డు ఉంచుకోవచ్చని, ఏళ్ళ తరబడి వాదిస్తాడు. నోటీసే మొదట్నుంచీ తప్పని తేలితేనే షెడ్డు వెంటనే లేస్తుంది. అంతవరకూ పెద్దావిడ ఊపిరి నిలుస్తుందా?

ఆవిడ పెన్ను తీసి రాసింది: *తనిఖీ అధికారి గదిని చూడకుండా నోటీసు ఇచ్చినందున.*

పెద్ద డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివారు. జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి, మాట పొదుపు. “వచ్చే నెల విభాగాధిపతి పదవికి మొదటి పేరు నీదే. తెలుసుగా?”

“తెలుసు సార్.”

“ఈ వాక్యం నువ్వు రిటైరయ్యేదాకా నీ ఫైల్లో ఉంటుంది.”

“ఉండనివ్వండి సార్. ఆ రేకు ఆ గోడకి ఉండకపోతే చాలు.”

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ అచ్చు నోటీసు తయారుచేసింది ఎవరో తెలుసా? ఇరవై రెండేళ్ళ కిందట నేను. పదిహేడో నిబంధన రాసినప్పుడు నా కళ్ళ ముందు హోటళ్ళ వంటశాలలే ఉన్నాయి. వంటశాలలోనే మనుషులు పడుకుంటారని నాకు తట్టలేదు.” ఆవిడ సంతకం కింద తన సంతకమూ పెట్టారు.

శుక్రవారం సభకి వరస అంతా వచ్చింది. పల్లీలక్క కొత్త తువ్వాలు భుజాన వేసుకుని ముందు వరసలో కూర్చుంది. నోటీసమ్మ లేచి, ఈసారి ఆదర్శ బోర్డు ఎవరికీ లేదని చెప్పింది. పల్లీలక్క మొహం వాడిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటారు గాని, ఆవిడా లేచి నిలబడింది.

“చెప్పినట్టల్లా చేశాను. చెయ్యని వాళ్ళంతా డ్రమ్ము తిప్పుకుని బతికిపోయారు. చేసినందుకు నాకు శిక్షా?”

నోటీసమ్మ ఏదీ దాచుకోలేదు. “నీ తప్పు లేదక్కా. నీ బండికి మార్కులు పోలేదు, నా సంతకానికి పోయాయి. మీరంతా డ్రమ్ము తిప్పి నన్ను మోసం చేశారని ఆ రోజు కోపం వచ్చింది. నేను చూడని గదికి టిక్కులు పెట్టి మీ అందర్నీ మోసం చేశాను. మీ డ్రమ్ము వల్ల ఎవరికీ ఊపిరాడకుండా పోలేదు. నా కాగితం వల్ల పన్నెండు ఇళ్ళకి పోయింది.”

పళ్ళరసం వాడు మెల్లిగా లేచాడు. “అమ్మా, మాకు డ్రమ్ములు కొనడానికి లేక తిప్పలేదు. నింపడానికి నీళ్ళెక్కడివి? కొళాయి మీ ఆఫీసు వెనకే ఉంది. పదహారు డ్రమ్ములు అక్కడి నుంచి మోసుకురావాలంటే బేరం ఎప్పుడు చేస్తాం?” అన్నాడు. ఈసారి వాడు జోకు వేయలేదు. అదీ ఆవిడ ఎప్పుడూ అడగని ప్రశ్నే.

ఆ తర్వాతి పనులు మంత్రాలకు జరగలేదు, మనుషులు పూనుకుంటే జరిగాయి. ఇళ్ళ విభాగం, బళ్ళ విభాగం ఒకే జట్టుగా తిరగడం మొదలైంది. బస్సులు ఆగే చోటుకి దగ్గర్లో నగరానిది ఒక పాత బళ్ళ కొట్టం ఖాళీగా పడి ఉంటే, దానికి పొగగొట్టం, నాలుగు కొళాయిలు, గచ్చు నేల పడ్డాయి. ఇళ్ళలో ఉడికించేవాళ్ళంతా అక్కడ ఉడికించుకోవచ్చు. ఎర్రదారం డ్రమ్ముకి అక్కడే ఒక మూల శాశ్వత విశ్రాంతి దొరికింది. తనిఖీ కాగితంలో ఇరవై ఒకటో ప్రశ్న చేరింది: వంట జరిగే గదిలో ఎవరు పడుకుంటారు? దాని పక్కన డాక్టరుగారు తన చేత్తో రాసిన మాట ఉంది: *అడిగి కాదు, చూసి రాయాలి.* విభాగాధిపతి పదవికి మరొకరి పేరు వెళ్ళింది. నోటీసమ్మకి బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఎనిమిదో గదికి వెళ్ళింది.

ఆ రోజే షెడ్డు విప్పారు. యజమాని దూరంగా నిలబడి, చట్టాన్ని గౌరవిస్తూ, పెట్టెలు మోయించుకుంటున్నాడు. పల్లీలక్క ఉలితో మైనం గీకి, మేకులు పీకి, రేకు లాగేసింది. పదకొండు నెలల తర్వాత గదిలోకి వెలుగు పడింది. పెద్దావిడ మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని, మొహం బయటికి పెట్టి, ఒక పొడుగాటి ఊపిరి తీసుకుంది. దగ్గు రాలేదు. ఇంకోటి తీసుకుంది.

అంతలో ఒక ఈగ లోపలికొచ్చి చేట అంచున వాలింది. పల్లీలక్క అలవాటుగా తువ్వాలు ఎత్తింది.

“ఆగవే” అంది అత్తగారు. “పదకొండు నెలలకి వచ్చిన చుట్టం. ఒక్క పూట ఉండనీ.”

నోటీసమ్మ సంచిలోంచి సన్నటి ఇనుప జాలీ చుట్ట తీసి కిటికీకి కొలత పెట్టింది. “చుట్టాన్ని పంపించేద్దాం పెద్దమ్మా. దీన్ని బిగిస్తే ఈగ రాదు, గాలి వస్తుంది.”

“ఇంత చిన్న వస్తువా? మొదటే ఇస్తే పోయేదిగా!”

“మొదటే వచ్చి చూసుంటే ఇచ్చేదాన్ని” అంది నోటీసమ్మ.

పెద్దావిడ ఇంకా ఏదో అనబోయి, వెనక సందులో ఎవరో కనిపిస్తే కిటికీలోంచే గొంతెత్తి, వాకిట్లో నీళ్ళు పారబోసినందుకు దులిపేసింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పల్లీలక్క జాలీ ఒక అంచు పట్టుకుని విని, కళ్ళు తుడుచుకుని నవ్వింది. బోర్డు రాలేదన్న దిగులు ఆ నవ్వుతో పోయింది.

మూడు నెలల తర్వాత ఆ బోర్డు రానే వచ్చింది. కొట్టం ముందు దాన్ని పల్లీలక్క చేతిలో పెడుతూ నోటీసమ్మ చెప్పిన మాట, ఆ వరసలో కొనుక్కు తినే మనందరం గుర్తుపెట్టుకోవలసిన మాట: “మనం తినే పొట్లం శుభ్రంగా ఉండాలంటే, ముందు ఆ పొట్లం కట్టే మనిషికి ఊపిరాడాలి.”